మూడు వందల రూపాయల చరిత్ర: వికలాంగుల పెన్షన్, కులం, రాజ్యం

భారత ప్రభుత్వం ఒక వికలాంగుడికి నెలకి ఇచ్చే పెన్షన్ మూడు వందల రూపాయలు. రోజుకి పది రూపాయలు. 2012 అక్టోబర్‌లో ఖరారైన ఈ మొత్తం 2025 దాకా ఒక్క రూపాయి పెరగలేదు. అది కూడా అందరికీ కాదు. వైకల్యం 80 శాతం ఉండాలి, కుటుంబం దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి, వయసు 18 నుండి 79 మధ్య ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. కేంద్ర పెన్షన్ పథకం లెక్కలోకి వచ్చేది 8 లక్షల పైచిలుకు మంది. అంటే వందమందిలో ముగ్గురు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి వికలాంగుల పెన్షన్ 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలయింది. కేంద్రం ఇచ్చే మూడు వందలకీ ఈ వేలకీ మధ్య ఇంత తేడా ఎట్లా వచ్చింది? పాలకుల దగ్గర దీనికి సులువైన జవాబుంది. ఫలానా నాయకుడి మనసు పెద్దది, ఫలానా ముఖ్యమంత్రి పేదల పక్షపాతి అంటారు. పెన్షన్ల చరిత్ర అంతా ముఖ్యమంత్రుల ఫోటోలుగా మిగిలిపోయింది. ఆ ఫోటోల వెనక ఉన్న మనుషుల సంగతి ఎవరూ రాయలేదు. వికలాంగుల హక్కుల చరిత్ర రాసేవాళ్ళు ఢిల్లీలోని సంస్థల గురించి, చట్టాల గురించి రాస్తారు. దళిత ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళు కారంచేడు, చుండూరు, వర్గీకరణ గురించి రాస్తారు. ఈ రెండూ కలిసిన చోటు ఒకటుంది. పెన్షన్ పెరగడం వెనకున్న రాజకీయం అక్కడే ఉంది.

రాజ్యాంగంలోని షరతు

వికలాంగులకు ప్రభుత్వం సాయపడాలన్న మాట మన రాజ్యాంగంలో 41వ అధికరణలో ఉంది. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం ఎదురైనప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కును రాజ్యం కల్పించాలని అది చెబుతుంది. అయితే ఆ వాక్యం మొదట్లోనే ఒక షరతు ఉంది. రాజ్యం తన ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిధిలో ఈ పని చేయాలట. పైగా ఇది ఆదేశిక సూత్రం. అమలు కాకపోతే కోర్టుకి పోవడానికి లేదు.

ఈ ఆదేశిక సూత్రాలు ఉత్త శుభాకాంక్షలేనని రాజ్యాంగ సభలో విమర్శ వచ్చింది. 1948 నవంబర్ 4న అంబేద్కర్ దానికి జవాబు చెప్పిండు. అధికారంలోకి వచ్చినవాళ్ళు వీటిని ఉల్లంఘిస్తే న్యాయస్థానంలో జవాబు చెప్పకపోవచ్చు గానీ ఎన్నికలప్పుడు ఓటర్ల ముందు జవాబు చెప్పాల్సి ఉంటుందన్నది ఆయన వాదన సారాంశం. వికలాంగుల పెన్షన్ చరిత్రని అర్థం చేసుకోవడానికి ఈ మాట చాలా అవసరం. ఎందుకంటే తర్వాత డెబ్బై ఏళ్ళలో కోర్టులు చేయలేని పనిని కొంతమేరకు ఓటే చేసింది. కానీ ఓటు తనంతట తాను పనిచేయదు. ఓటరు గుంపుగా కనబడాలి. వికలాంగులు గుంపుగా కనబడటానికే చాలా కాలం పట్టింది.

లెక్కలో లేని మనుషులు

బ్రిటిష్ ప్రభుత్వం 1872 నుండి 1931 దాకా జనాభా లెక్కల్లో గుడ్డివాళ్ళని, చెవిటి మూగవాళ్ళని, మతిస్థిమితం లేనివాళ్ళని, కుష్ఠురోగుల్ని లెక్కపెట్టింది. వాళ్ళ లెక్క వాళ్ళ పాలన అవసరం కోసమే, అందులో అనుమానం లేదు. స్వతంత్రం వచ్చినంక మన ప్రభుత్వం ఆ ప్రశ్ననే తీసేసింది. 1951లో లేదు, 1961లో లేదు, 1971లో లేదు. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం కాబట్టి ఆసారి అడిగారు. 1991లో మళ్ళీ తీసేశారు. 2001లో వికలాంగుల సంఘాలు గట్టిగా పట్టుబడితేనే ఆ ప్రశ్న తిరిగి వచ్చింది. అప్పుడు తేలిన సంఖ్య 2 కోట్ల 19 లక్షలు.

కులం లెక్క విషయంలో జరిగింది కూడా దాదాపు ఇదే గదా. 1931 తర్వాత ఎస్సీ, ఎస్టీలను తప్ప మిగతా కులాలను జనాభా లెక్కల్లో లెక్కించలేదు. లెక్క లేకపోతే వాటా అడగడానికి ఆధారం ఉండదు. బడ్జెట్‌లో పద్దు ఉండదు. ఎవరిని లెక్కపెట్టాలి, ఎవరిని వదిలేయాలి అనేది గణాంక శాఖ సమస్య కాదు, రాజకీయ సమస్య.

2011 లెక్కలు ఇంకో విషయం బయటపెట్టాయి. ఎస్సీల్లో వికలాంగుల శాతం 2.45. ఎస్సీ, ఎస్టీలు కాని జనంలో 2.18. ఈ తేడా చిన్నదేనని కొందరు అనొచ్చు. దేశం మొత్తం మీద ఇది లక్షల మంది మనుషులు. తేడా ఎందుకొచ్చిందో వాడల్లో ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. రాయి కొట్టేది ఎవరు, భవనాల మీద ఇటుకలు మోసేది ఎవరు, మురికి కాలువలో దిగేది ఎవరు? కాన్పుకి ఆసుపత్రి దూరమైన ఇల్లు ఎవరిది? ఫ్లోరైడ్ సంగతే తీసుకుందాం. నాటి నెల్లూరు జిల్లాలో నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర్లు పోతున్నాయని 1937లోనే వైద్యులు పరిశోధన అచ్చువేశారు. తర్వాత నల్లగొండ జిల్లాలో తరాలకి తరాలు ఆ నీళ్ళే తాగి వంగిపోయాయి. కారణం తెలిసి కూడా దశాబ్దాల పాటు మంచినీళ్ళు ఇవ్వకపోవడం దేవుడి పని కాదు. వైకల్యం పూర్వజన్మ పాపఫలం అనే మాట, పుట్టుకని బట్టే కులం అనే మాట ఒకే కర్మసిద్ధాంతం నుండి పుట్టాయి. రెండింటిలోనూ బాధితుడే దోషి అవుతాడు, రాజ్యం మీద బాధ్యత ఉండదు.

1995: రెండు దారులు

1995 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది ఆగస్టు 15 నుండి పి.వి. నరసింహారావు ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. కేంద్రం నేరుగా పేదలకి నగదు సాయం చేయడం ఇంత పెద్ద ఎత్తున అదే మొదలు. అందులో మూడు భాగాలున్నాయి. ఆధారం లేని 65 ఏళ్ళు దాటిన వృద్ధులకి నెలకి 75 రూపాయలు. సంపాదించే మనిషి చనిపోతే కుటుంబానికి సాయం. పేద గర్భిణులకి సాయం. రాజ్యాంగం 41వ అధికరణలో వృద్ధాప్యం పక్కనే వైకల్యం ఉంది. ఈ పథకంలో మాత్రం లేదు.

అదే ఏడాది డిసెంబర్‌లో అదే ప్రభుత్వం వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. 1996 ఫిబ్రవరి 7 నుండి అది అమల్లోకి వచ్చింది. దీని వెనక 1992 డిసెంబర్‌లో ఆసియా, పసిఫిక్ దేశాలు బీజింగ్‌లో చేసిన ప్రకటన ఉంది. జావెద్ అబీదీ వంటివాళ్ళు ఢిల్లీలో చేసిన ఆందోళన ఉంది. విద్య, 3 శాతం ఉద్యోగ రిజర్వేషన్లు చట్టంలోకి వచ్చాయి. ఇది చిన్న విజయం కాదు. కానీ ఉద్యోగ రిజర్వేషన్ అందుకోవాలంటే చదువు ఉండాలి. చదువు లేని, భూమి లేని, కూలికి పోలేని వికలాంగుడికి ఈ చట్టం ఇచ్చిందేమిటి? నిరుద్యోగ భృతి అనే మాట ఉంది. దాని ముందు మళ్ళీ అదే షరతు ఉంది. ప్రభుత్వం తన ఆర్థిక స్తోమత పరిధిలో ఇస్తే ఇవ్వొచ్చు. 1950 నాటి షరతుని 1995లో యథాతథంగా తెచ్చి పెట్టారు.

ఈ విధంగా వికలాంగుల ప్రశ్న రెండుగా చీలిపోయింది. చదువుకున్న వికలాంగుడికి చట్టం. చదువు లేనివాడికి రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే 75 రూపాయల లాంటి అరకొర పెన్షన్, అదీ ఎవరైనా చనిపోతే తప్ప కొత్తవాళ్ళకి దొరకని పెన్షన్. చదువు లేనివాళ్ళలో ఏ కులాల వాళ్ళు ఎక్కువో చెప్పనక్కర లేదు.

80 శాతం అనే గోడ

కేంద్రం వికలాంగుల పెన్షన్ మొదలుపెట్టడానికి ఇంకో పద్నాలుగేళ్ళు పట్టింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికని 2007 అక్టోబర్ 1న భారతదేశం ఆమోదించింది. 2009 ఫిబ్రవరిలో, లోక్‌సభ ఎన్నికలకి రెండు నెలల ముందు, ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పెన్షన్ పథకం వచ్చింది. నెలకి 200 రూపాయలు. 2012లో 300 చేశారు. అక్కడితో ఆగిపోయింది.

డబ్బు ఎంత అనేదాని కంటే ఆ 80 శాతం నిబంధనే పెద్ద అడ్డంకి. 1995 చట్టం ప్రకారం 40 శాతం వైకల్యం ఉంటే వికలాంగుడే. కానీ పెన్షన్‌కి 80 కావాలి. వైద్య మార్గదర్శకాల లెక్కలో మోకాలి కింద కాలు పూర్తిగా పోయినా 80 శాతం రాదు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఉన్నవాడికి ఆ కాలు లేకపోవడం ఒక రకం ఇబ్బంది. నాట్లకి, కోతలకి, మూటలు మోయడానికి పోయి బతికేవాడికి అది నూటికి నూరు శాతం బతుకు పోవడం. ఆ శాతం కొలిచేది ఎముకని మాత్రమే. ఆ మనిషి చేసే పనిని కొలవదు. ఆ మనిషికి భూమి ఉందా లేదా అని అడగదు. కులాన్ని బట్టి పని ఉన్న సమాజంలో పనిని లెక్కలోకి తీసుకోని కొలత తటస్థం ఎట్లా అవుతుంది?

తెలుగునేలలో ఈ కొలత పని 2009-10 ప్రాంతం నుండి సదరం చేతిలోకి వచ్చింది. కంప్యూటర్‌లో శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఇది. అంతకుముందు డాక్టర్ల చుట్టూ, దళారుల చుట్టూ తిరిగిన దాని కంటే ఇది కొంత మేలేనని ఒప్పుకోవాలి. రాష్ట్ర పెన్షన్‌కి 40 శాతం చాలు కాబట్టి చాలామంది లోపలికి వచ్చారు. కానీ స్లాట్ దొరకాలి, జిల్లా ఆసుపత్రి దాకా పోవాలి, తోడు వచ్చే మనిషి ఒకరోజు కూలి వదులుకోవాలి. 38 శాతం వచ్చినవాడు ఖాళీ చేతులతో తిరిగి రావాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెన్షన్‌దారులకి మళ్ళీ వైద్య పరీక్షలు పెట్టింది. ఏళ్ళ తరబడి పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళకి శాతం తగ్గిందని నోటీసులు వచ్చాయి, ఆందోళనలు జరిగాయి. దొంగ సర్టిఫికెట్లు లేవని కాదు. వాటిని ఇప్పించినవాళ్ళని వదిలేసి, ప్రతి వికలాంగుడూ తాను దొంగ కాదని మళ్ళీ మళ్ళీ రుజువు చేసుకోవాల్సి రావడమే అన్యాయం.

దండోరా వేసిన దారి

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ దాని ప్రధాన డిమాండ్. పేరు చివర మాదిగ అని బహిరంగంగా పెట్టుకోవడం ఆ ఉద్యమం చేసిన మొదటి పని. తిట్టుగా వాడిన మాటని ఆత్మగౌరవంగా మార్చుకోవడం అన్నమాట. పాదయాత్రలు, సభలు, ఊరూరా కమిటీలు, డప్పు. పదేళ్ళలో ఆ ఉద్యమం రాష్ట్రంలో ఒక పెద్ద నిర్మాణాన్ని తయారుచేసుకుంది.

2007లో ఆ నిర్మాణం మీదనే వికలాంగుల హక్కుల పోరాట సమితి వచ్చింది. మంద కృష్ణ మాదిగ దానికి ముందు నిలబడిండు. ఇక్కడ గమనించాల్సింది ఏమంటే, ఇది ఎస్సీ వికలాంగుల సంఘం కాదు. అన్ని కులాల వికలాంగుల సంఘం. మూడు చక్రాల బండ్ల మీద, చంకకర్రల మీద, ఒకరి భుజం ఒకరు పట్టుకుని కలెక్టరేట్ల ముందుకి వచ్చిన జనంలో బీసీలున్నారు, ముస్లింలున్నారు, పేద అగ్రకులాల వాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరికీ ముందు నడిచింది అంటరాని కులం నుండి వచ్చిన ఉద్యమం. దళితులు తమ కోసం మాత్రమే అడుగుతారనే నింద చాలా పాతది. దానికి ఇంతకంటే పెద్ద జవాబు ఏం కావాలి?

ఈ ఆందోళనల దశలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పెన్షన్ 200 నుండి 500 అయింది. వృద్ధులకి, వితంతువులకి 200 దగ్గరే ఉండగా వికలాంగులకి వేరుగా ఎక్కువ ఇవ్వాలనే సూత్రం అట్లా స్థిరపడింది. తర్వాత వృద్ధుల, వితంతువుల పెన్షన్లని కూడా ఈ ఉద్యమం ఎత్తుకుంది. 2014 ఎన్నికల్లో పెన్షన్ పెంపు ప్రతి పార్టీ మేనిఫెస్టోలోకి ఎక్కింది. ఆ ఏడాది తెలంగాణలో వికలాంగులకి 1,500 వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటినవాళ్ళకి 1,500, మిగతావాళ్ళకి 1,000 అన్నారు. ఢిల్లీ 80 శాతం గోడ ఇక్కడికీ వచ్చిందన్నమాట. 2019 ఎన్నికల ఏడాదిలో రెండు రాష్ట్రాల్లోనూ మూడు వేలు దాటింది లేదా మూడు వేలకి చేరింది. 2023లో తెలంగాణ 4,016. 2024లో ఆంధ్రప్రదేశ్ 6,000. తెలంగాణలో కాంగ్రెస్ 2023 ఎన్నికల్లో 6,000 ఇస్తామంది. ఆ మాట నిలబెట్టుకోమని 2025లో మళ్ళీ వికలాంగులు సభలు పెట్టాల్సి వచ్చింది.

పెరిగిన ఏళ్ళు చూడండి: 2014, 2019, 2023, 2024. అన్నీ ఎన్నికల ఏళ్ళే. అంబేద్కర్ 1948లో చెప్పింది ఇక్కడ నిజమైంది. ఓటర్ల ముందు జవాబు చెప్పాల్సి వచ్చింది కాబట్టి ఆర్థిక స్తోమత దానంతటదే దొరికింది. ఆంధ్రప్రదేశ్ ఇచ్చే ఆరు వేలల్లో కేంద్రం వాటా, అదీ 80 శాతం ఉన్న పేదకి మాత్రమే, మూడు వందలు. నూటికి అయిదు. ఢిల్లీని ఈ మూడు వందల గురించి నిలదీసే ఉద్యమం దేశస్థాయిలో ఆ బలంతో తయారు కాలేదు. అందుకే అది 2012 దగ్గర గడ్డకట్టుకుపోయింది.

రెండు కిటికీల మధ్య

2016 డిసెంబర్‌లో కొత్త వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుండి అమల్లోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలు 21 అయ్యాయి. రిజర్వేషన్ 4 శాతం అయింది. 24వ సెక్షన్‌లో ఒక మంచి మాట చేర్చారు. ఇతరులకి ఇచ్చే ఇటువంటి పథకాల కంటే వికలాంగులకి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. కానీ కేంద్రం పథకంలో వితంతువుకి 300, వికలాంగుడికీ 300. తన చట్టాన్ని తానే పక్కన పెట్టింది. ఆ సెక్షన్ మొదట్లో చూస్తే అదే పాత మాట: ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిధిలో. 1950, 1995, 2016. మూడు సార్లూ ఆ షరతు తప్పలేదు.

ఈ చట్టాల్లో కులం కనబడదు. ఎస్సీ, ఎస్టీ చట్టాల్లో వైకల్యం కనబడదు. దళిత వికలాంగుడు, అంతకంటే ఎక్కువగా దళిత వికలాంగ స్త్రీ, రెండు ఆఫీసు కిటికీల మధ్య నిలబడి ఉంటుంది. ఇక్కడికి పోతే అక్కడికి పొమ్మంటారు. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు సాక్ష్యం. ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసు అది. కులం, స్త్రీత్వం, వైకల్యం మూడూ కలిసి ఒక మనిషి మీద ఎట్లా పనిచేస్తాయో ఆ తీర్పు వివరంగా రాసింది. అత్యాచారానికి వేసిన యావజ్జీవ శిక్షని ఖాయం చేసింది. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద పడిన శిక్షని కొట్టేసింది. ఆమె ఆ కులస్తురాలు కావడం వల్లే నేరం జరిగిందని అప్పటి చట్టం అడిగిన పద్ధతిలో రుజువు కాలేదంది. మూడూ విడదీయలేనివని చెప్పిన కోర్టే చివరికి చట్టం దగ్గరికి వచ్చేసరికి విడదీయాల్సి వచ్చింది.

పేరు పెట్టే అధికారం

మా పల్లెల్లో మనిషి పేరుకి ముందు వైకల్యాన్ని తగిలిస్తారు. కుంటి ఫలానా, గుడ్డి ఫలానా. కులం పేరు కూడా అట్లాగే తగిలిస్తారు. దళిత వికలాంగుడికి రెండూ తగులుతాయి. సొంత పేరు రేషన్ కార్డులోనే ఉంటుంది. 2015 డిసెంబర్‌లో ప్రధానమంత్రి నరేంద్ర మోడీ రేడియో ప్రసంగంలో వికలాంగుల్ని దివ్యాంగులు అని పిలుద్దామన్నారు. మరుసటి ఏడాదికి ప్రభుత్వ శాఖ పేరే మారింది. చాలా వికలాంగ సంఘాలు ఒప్పుకోలేదు. మా అంగాల్లో దివ్యత్వం ఏమీ లేదు, మెట్ల పక్కన ర్యాంపు కావాలి అన్నారు.

ఈ మాట మనకి ఎక్కడో విన్నట్టు లేదా? అంటరానివాళ్ళని గాంధీ హరిజనులన్నాడు. బావిలో నీళ్ళు తోడుకోనివ్వనివాళ్ళు దేవుడి బిడ్డలన్నారు. అంబేద్కర్ ఆ పేరుని తిరస్కరించాడు. దేవుడితో చుట్టరికం కలిపితే రాజ్యంతో లెక్క తేల్చుకునే పని తప్పుతుంది. పథకాల పేర్లు కూడా ఒకసారి వరసగా చదవండి. భరోసా, కానుక, ఆసరా, చేయూత. వీటి ముందు ఒక నాయకుడి పేరో ఒక పార్టీ రంగో ఉంటుంది. హక్కు అనే మాట ఒక్కదానిలోనూ లేదు. ఆ మాట ఉన్నది పోరాట సమితి పేరులోనే.

ఇక్కడే మన ఉద్యమం కూడా ఒక ప్రమాదాన్ని చూడాలి. ఎన్నికల్లో గెలుచుకున్న పెన్షన్‌ని ఎన్నికల తర్వాత సర్టిఫికెట్ తనిఖీతో కోసేయొచ్చు. ఓటు బలం ఉన్నచోట వేలు వస్తాయి, లేనిచోట మూడు వందలే మిగులుతాయి. ఒడిశాలోనో బీహార్‌లోనో ఉన్న దళిత వికలాంగుడికి మన ఈదుముడి లేదు. పెన్షన్‌ని నాయకుడి దయ నుండి తప్పించి చట్టబద్ధమైన హక్కు చేయకపోతే ప్రతి అయిదేళ్ళకీ మూడు చక్రాల బండ్లు మళ్ళీ రోడ్డెక్కాల్సిందే.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. చట్టం నుండి ఆర్థిక స్తోమత అనే షరతు పోవాలి. కేంద్రం పెన్షన్‌కి 80 శాతం గోడ పోవాలి. మొత్తాన్ని ధరల సూచీతో ముడిపెట్టి ఏటా పెంచాలి. శాతం తేల్చేటప్పుడు ఎముకతో పాటు చేసే పనిని, భూమి ఉందా లేదా అనేదాన్ని చూడాలి. ఇచ్చిన పెన్షన్ల లెక్కని కులాలవారీగా, స్త్రీ పురుషులవారీగా బయటపెట్టాలి. ఈ చివరిది చాలా చిన్న కోరికలాగా కనిపిస్తుంది. 1931 తర్వాత ఏ కేంద్ర ప్రభుత్వమూ ఇష్టపడి కులాల లెక్క చెప్పలేదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు తమ మండలంలో ఎవరికి పెన్షన్ అందుతోంది, ఎవరికి ఆగింది, ఎవరు స్లాట్ కోసమే ఎదురుచూస్తున్నారు అనే జాబితాని వాడవాడా తిరిగి రాయడం మొదలుపెడితే, ఆ లెక్క కోసం ఢిల్లీ దయ మీద ఆధారపడే పని ఉండదు.